పోయిన కారు నిలబడే చోటు

ప్రతి శనివారం పొద్దున ఎనిమిదింటికి గనీఫ్ సాలీ బక్కెట్టు, సబ్బు, మెత్తటి తోలుగుడ్డ పట్టుకుని ముంగిట్లోకి వచ్చి, లేని కారును కడగడం మొదలుపెడతాడు. ముందు పైకప్పు, తర్వాత అద్దాలు, ఆఖర్న చక్రాలు. పోసిన నీళ్ళు నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున గాల్లోనే ఆగి, కారు ఒంపుల వెంట జారి, కిందపడి కాలవ కట్టి వీధిలోకి పోతాయి. రొట్టె కొనడానికి అటుగా వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు, "అన్నా, ఎడమ అద్దం కింద నురగ మిగిలిపోయింది" అంటారు. "చూశాలేవోయ్" అని ఆయన అక్కడ ఇంకోసారి తుడుస్తాడు.

కేప్‌టౌన్ మొత్తం సంగతి నాకు తెలియదు గానీ, అథ్లోన్‌లో మా వీధి వరకు గడియారం అదే. ఆయన వెనక చక్రం దగ్గరికొస్తే తొమ్మిదైనట్టు లెక్క.

ఆ కారు 1991లో ఒక శుక్రవారం పోయింది. ఎర్రటి హ్యాచ్‌బ్యాక్, మూడు తలుపులది. కారు పోయింది గానీ అది నిలబడే చోటు మాత్రం ఎక్కడికీ పోలేదు. వానలు పడే చలికాలంలో వీధంతా చెరువైనా ఆ కారంత నేల మీద ఒక్క చినుకు పడదు. పావురాలు దాని పైకప్పు మీద, అంటే ఏమీ లేని గాలి మీద, బారులు తీరి కూర్చుంటాయి. ఒకసారి నూట నలభై లెక్కపెట్టాను, ఇంకా పై వరస లెక్కపెట్టనే లేదు. కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ ప్రతివాడూ మొదటివారం ముందు బంపరుకు మోకాలు కొట్టుకుని, రెండోవారం నుంచి చుట్టూ తిరిగి వెళతాడు.

ఇంకో సంగతి. దాని లోపలికి వెళ్ళిందేదీ బయటికి కనిపించదు. గనీఫ్ ఇంటి పిల్లి వెనక సీట్లోకి దూరితే, ఆకలేసి బయటికి దూకేదాకా మాయం. ఆయన కూతురు రుగాయా చిన్నప్పుడు లెక్కల్లో తొమ్మిది మార్కులొచ్చిన రిపోర్టును దాని డాష్‌బోర్డు అరలో దాచింది. వాళ్ళమ్మ హవా ఇల్లంతా, పెరడంతా, మా ఇల్లు కూడా గాలించింది. దొరకలేదు. ఆ రిపోర్టు ఇప్పటికీ అక్కడే ఉండాలి.

ఆ కారు వేగం ఎంతంటే, రేడియోలో పాట మొదలైనప్పుడు పల్లవి మా వీధి చివర వినిపిస్తే, చరణం స్ట్రాండ్ బీచిలో వినిపించేది. మధ్యలో నలభై కిలోమీటర్లు. అబద్ధమైతే నా పళ్ళన్నీ రాలిపోవాలి, ఉన్నవి నాలుగే అనుకోండి.

రుగాయాకు ఇప్పుడు నలభై ఒకటి. పెళ్ళిచేసుకుని, ఎనిమిదేళ్ళు కాపురం చేసి, ఇక చాలనిపించి సూట్‌కేసుతో తిరిగొచ్చిన మనిషి. పార్ల్ ఊళ్ళో ఆస్పత్రిలో కాన్పుల వార్డు నర్సు. రోజూ రెండు వ్యానులు మారి, ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతూ వెళ్ళాలి. పదకొండేళ్ళు ఓపిక పట్టి, ఈ చలికాలంలో కారు కొంటానంది. పాత కార్లమ్మే చోట రెండింటి మీద కన్ను వేసింది. ఒకటి బూడిదరంగుది, వెనక పెద్ద డిక్కీతో, పెళ్ళికి పిలవని చుట్టంలా ఓ మూల నిలబడ్డది. రెండోది నీలం హ్యాచ్‌బ్యాక్. దాని దగ్గర నిలబడితే ఇంజను ఆపి ఉన్నా ఒంట్లో జివ్వుమంటుందట.

ఆదివారం పొద్దున ఈ సంగతి తేల్చడానికి గనీఫ్ వంటింట్లో సభ పెట్టారు. ఆదివారమంటే పిండి ముద్దలు వేయించి, పాకంలో ముంచి కొబ్బరి పొడి అద్దిన కూసిస్టర్లు ఉండాల్సిందే. మూడిళ్ళ అవతలుండే అచ్‌మత్ వాటి వాసన పట్టుకుని వచ్చాడు. ముప్పై ఐదేళ్ళు గుద్దుకున్న కార్ల రేకులు సాపు చేసిన మనిషి. ఏ కారు ఎందుకు పోతుందో ఆయనకు తెలిసినంతగా దొంగలకు కూడా తెలియదని ఆయన నమ్మకం.

"రెండు పళ్ళేలు తే అమ్మాయ్" అన్నాడు అచ్‌మత్. "కుడి పళ్ళెం నీలం బండి. ఎడమది బూడిద బండి. దొంగ ఆశపడే కారణం ఒక్కోదానికి ఒక్కో కూసిస్టర్ పెడతా. చూడు. నీలం బండికి తాళంచెవి తిప్పే పనిలేదు, జేబులో ఉంటే చాలు. అంటే నీ జేబు వాసనను దొంగ గాల్లోంచే పట్టేస్తాడు. దీనికి రెండు."

"బాబాయ్, వాసన కాదు, సిగ్నలు."

"ఏదో ఒకటి. దాని భాగాలు విడదీసి అమ్మితే పొద్దున్నే అయిపోతాయి. ఒకటి. పోలీసుల్ని తప్పించుకోవాలంటే వేగంగా పోయేదే కావాలి. ఇంకో రెండు. ఆ చక్రాలు చూశావా, పెళ్ళికూతురి గాజుల్లా మెరుస్తున్నాయి. ఒకటి. ఎర్రదీపం దగ్గర ఆగితే పక్కవాడు తల తిప్పి చూస్తాడు. ఒకటి. మన వీధిలో బయట నిలబెడితే వారం కూడా ఉండదు. మూడు."

కుడి పళ్ళెంలో కూసిస్టర్లు కొండ కట్టాయి. ఎడమ పళ్ళెంలోకి అచ్‌మత్ చాలాసేపు ఆలోచించి, ఒకదాన్ని సగానికి తుంచి పెట్టాడు.

"బూడిద బండిని ఎవడైనా ఎత్తుకెళ్ళాడంటే వాడికి చూపు ఆనదన్నమాట" అన్నాడు. "చూశావా తేడా? ఇక చెప్పు."

రుగాయా రెండు పళ్ళేలనూ చూసింది. చెయ్యి నేరుగా నిండు పళ్ళెం మీదికి వెళ్ళింది. ఒకటి నోట్లో వేసుకుని, "దొంగక్కూడా అక్కరలేని కారు నాకెందుకు బాబాయ్?" అంది.

గనీఫ్ టీ కప్పు కింద పెట్టాడు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ముంగిట్లో గాలి మీద కూర్చున్న పావురాల్ని చూస్తూ నిలబడ్డాడు.

"బూడిదది కొను తల్లీ" అన్నాడు వెనక్కి తిరగకుండా.

నిజానికి చిక్కు అక్కడే ఉంది. నీలం కారుకు ఇన్సూరెన్సు కావాలంటే తాళం వేసిన గేటు లోపల పెట్టాలని కంపెనీవాళ్ళ షరతు. గేటు లోపల ఉన్నది ఒక్క కారు చోటు. ఆ చోట్లో ముప్పై రెండేళ్ళుగా లేని కారు ఉంది. దాన్ని తీసెయ్యమని తండ్రిని అడగడం రుగాయా వల్ల కాదు. అడక్కుండా నీలం కారు కొని వీధిలో పెడితే, పోతుంది. కారు పోతే ఈ ఇంట్లో మనుషులు ఏమవుతారో ఆమె తొమ్మిదేళ్ళ వయసులోనే చూసింది. బస్సు డ్రైవరైన తండ్రి ఆ తర్వాత ఉద్యోగం కోసం తప్ప స్టీరింగు ముట్టలేదు. రిటైరయ్యాక అదీ లేదు.

"సరే నాన్నా. బూడిదదే" అంది. మిగతా కూసిస్టర్లు అచ్‌మత్ ఇంటికి పట్టుకెళ్ళాడు. మొత్తం నలభై దాకా ఉంటాయి, సరే, తొమ్మిదిన్నర.

బుధవారం సాయంత్రం రుగాయా పార్ల్ నుంచి తడిసి ముద్దై వచ్చేసరికి ఇంట్లో తండ్రి కనిపించలేదు. ముంగిట్లో దగ్గు వినిపించింది. వానలో ఆ పొడి నేల దగ్గరికి వెళ్ళి గాల్లో చేత్తో తడిమి, పిడి పట్టుకుని తలుపు లాగింది. ముందు సీటు వంచి, చిన్నప్పుడు కూర్చున్నట్టే వెనక కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. గులాబీ అత్తరు, నారింజ తొక్కల వాసన అలాగే ఉంది. ఆ ముందు ఎడమ సీటు అమ్మది.

"ఈ కారు ఎవరి ఇష్టమో నీకు తెలుసా?" అన్నాడు గనీఫ్ స్టీరింగు మీద చేతులుంచి.

"నీదే కదా."

"కాదు. నేను మీగడ రంగుది చూశాను, నాలుగు తలుపులది. అప్పటిదాకా తెల్లవాళ్ళకే ఉన్న బీచిలు అప్పుడే కొత్తగా అందరికీ తెరిచారు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ ఇసక మీద మేం కాలు పెట్టింది లేదు. మీ అమ్మేమో, 'వాళ్ళు మళ్ళీ మనసు మార్చుకునేలోపు వెళ్ళిరావాలి, వేగంగా పోయేది కొను' అంది. ఎర్రది దొంగలకు ఇష్టం హవా, అన్నాను. 'ఎవరికీ అక్కరలేనిది మనకెందుకు' అంది. మొన్న నువ్వన్నావే, అచ్చం అదే గొంతు."

పైకప్పు మీద వాన దడదడలాడింది.

"పోయినరోజు నేను మసీదులో ఉన్నాను. ఎదురింటికి పళ్ళెం ఇవ్వడానికి వెళ్ళి మీ అమ్మ గేటుకు గొలుసు వెయ్యడం మరిచిపోయింది. నేనొచ్చేసరికి ఖాళీ ముంగిట్లో నిలబడి ఏడుస్తోంది. నేనేమన్నానో తెలుసా?"

"తెలియదు నాన్నా."

"'నేను చెప్పలేదా?' అన్నాను. అంతే. ఒక్క మాట. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. వండింది, నవ్వింది, నీ గౌన్లు కుట్టింది. కారు మాట మాత్రం ఎత్తలేదు, బీచి మాట ఎత్తలేదు. ఆ మాట వెనక్కి తీసుకుందామని రోజూ అనుకునేవాణ్ణి. రేపు, రేపు అనుకుంటూ ఉండగానే పోయింది." ఆయన తువ్వాలుతో ముక్కు చీదాడు. "నీలందే కొను తల్లీ. పోతే పోనీ. పోయినరోజు నేను ఆ మాట అనను, చూడు."

"పెట్టడానికి చోటేది నాన్నా?"

"మీ అమ్మ కారు. సర్దుకుంటుంది" అన్నాడు గనీఫ్.

సర్దుకుంది. శనివారం రుగాయా నీలం కారును వెనక్కి నడుపుతూ గేట్లోకి తెచ్చింది. గనీఫ్ చేతులూపుతూ "రా, రా, కొంచెం ఎడమకి" అంటున్నాడు. కారు వెనక భాగం ఆ పొడి నేల మీదికి రాగానే సూదిలో దారం ఎక్కినట్టు మాయమవుతూ వచ్చింది. కాకపోతే నీలం కారు ఎర్రదానికన్నా జానెడు పొడుగు. ముందు బంపరు, నంబరు పలక మాత్రం గాల్లో మిగిలిపోయాయి. గనీఫ్ వాటి ముందు రెండు జెరేనియం పూల కుండీలు పెట్టాడు.

సోమవారం ఇన్సూరెన్సు కంపెనీ నుంచి తనిఖీకి పీటర్సన్ అనే మనిషి వచ్చాడు. టై కట్టుకుని, చేతిలో ఫారంతో. గేటు ఊపి చూశాడు. గొలుసు లాగి చూశాడు. తిన్నగా నడిచొచ్చి మోకాలు కొట్టుకుని, "ఆహా, ఇక్కడుందా" అన్నాడు. తర్వాత వీధిలోకి వెళ్ళి, అటు నుంచీ ఇటు నుంచీ చూసి, ఫారంలో ఒక్కొక్కటే రాసుకున్నాడు.

"గేటు ఉంది. తాళం ఉంది. వీధిలోంచి కారు కనిపిస్తుందా? కనిపించదు. చాలా మంచిదమ్మా. అందరూ ఇలా జాగ్రత్తపడితే మా ఉద్యోగాలు హాయిగా ఉంటాయి. కుండీలకు నీళ్ళు పొయ్యండి, వాడుతున్నాయి."

మరి బూడిద కారు? దాన్ని అచ్‌మత్ కొన్నాడు. అంత మంచి బేరం వదులుకోవడం పాపమని చెప్పి, తన గేటు లోపల పెట్టి, "హాయిగా నిద్రపోతున్నాను గనీఫ్ అన్నా, నీ కూతురికి కూడా చెప్పు" అని వారం రోజులు వీధంతా వినేలా చెప్పుకున్నాడు.

మా వాళ్ళంతా చేసే పొరపాటు ఒకటుంది. రాత్రిళ్ళు కాపలా పెడతారు. గొలుసులు, తాళాలు, కుక్కలు, కిటికీలోంచి తొంగిచూసే నాలాంటి ముసలమ్మలు, అన్నీ రాత్రికే. దొంగలు వచ్చేది శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు. మగవాళ్ళంతా మసీదులో ఉంటారు. ఆడవాళ్ళు ఇంటింటికీ పళ్ళేలు తిప్పుతుంటారు. పళ్ళెం వచ్చిందంటే ఖాళీగా తిరిగివ్వకూడదు కనుక అది ఇచ్చిపుచ్చుకోవడంలో గేట్లన్నీ బార్లా తెరిచి ఉంటాయి. మా వీధిలో కొన్ని పళ్ళేలు 1974 నుంచి తిరుగుతూనే ఉన్నాయి, ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఆ శుక్రవారం అచ్‌మత్ భార్య మునీబా వేయించిన చేపలు పళ్ళెంలో పెట్టుకుని రుగాయా ఇంటికి వెళ్ళింది. ఆరోజు రుగాయాకు సెలవు. గేటు దగ్గరే ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఆ మాటలు చేపల నుంచి మునీబా కోడలి మీదికి వెళ్ళాయి. అంటే ఇంకో అరగంట. లోపలికి వెళ్ళి కూర్చుని మాట్లాడుకున్నారు. రెండిళ్ళ గేట్లూ తెరిచే ఉన్నాయి.

దొంగలు ముగ్గురు. అప్పుడు వీధిలో అందరికీ ఏడుగురని చెప్పాను గానీ ముగ్గురే. పనివాళ్ళ నీలం బట్టలు, భుజాన పెట్టె. నీలం కారు కోసమే వచ్చారు, ఎవరో ఆనవాలు ఇచ్చి ఉంటారు. వాళ్ళు గనీఫ్ ఇంటి ముంగిట్లో నిలబడి చూస్తే ఖాళీ. రెండు పూలకుండీలు, గాల్లో పావురాలు.

"ఇల్లు ఇదేనా?" అన్నాడొకడు.

"ఇదే. బయటికి తీసుకెళ్ళినట్టున్నారు."

మూడోవాడు ముందుకు అడుగేసి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. వాడి నోట్లోంచి వచ్చిన మాటలు విని పావురాలు ఎగిరిపోయాయి, రెండు మళ్ళీ ఈ వీధికి రానేలేదు. వాణ్ణి చెరో రెక్కా పట్టుకుని వెనక్కి లాక్కుపోతూ, అంత దూరం వచ్చి ఉత్త చేతుల్తో వెళ్ళడానికి మనసొప్పలేదు కాబోలు, తెరిచి ఉన్న గేటులోంచి అచ్‌మత్ బూడిద కారెక్కి వెళ్ళిపోయారు. కేకలు పెట్టాను. నా గొంతు కొండ దాకా వెళ్ళి తిరిగొచ్చింది, వాళ్ళు మాత్రం ఆగలేదు.

మసీదు విడిచేసరికి మునీబా ఖాళీ ముంగిట్లో నిలబడి ఏడుస్తోంది. గనీఫ్ ఇంటికొచ్చాడు, రుగాయా చెప్పింది. ముసలాయన నేరుగా వంటింట్లోకి నడిచాడు. "చేపల పళ్ళెమేది?" అన్నాడు. ఆదివారం దాకా ఆగలేక రుగాయా ఆ పొద్దున్నే చేసిన కూసిస్టర్లు దానినిండా పెట్టుకుని, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. నేను ఆయన పరిగెత్తగా చూడ్డం అదే మొదలు.

వెళ్ళేసరికి అచ్‌మత్ నడుం మీద చేతులేసుకుని పెళ్ళాం ముందు నిలబడి ఉన్నాడు. మునీబా కొంగులాంటి తన తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంటోంది.

"గొలుసు వెయ్యమని," అన్నాడు అచ్‌మత్, "నేను చెప్ప..."

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. గనీఫ్ ఒక పెద్ద కూసిస్టర్ తీసి అచ్‌మత్ నోట్లో కూరేశాడు. అచ్‌మత్ కళ్ళు గుండ్రంగా తిరిగాయి. ఏదో అనబోతే రెండోది కూరేశాడు.

"నములు" అన్నాడు గనీఫ్. "నమిలి మింగు తమ్ముడూ. ఆ మాటను కూడా కలిపి మింగు. కారు పోతే పోయింది. ఈ మాట అన్నావంటే అది ఎక్కడికీ పోదు. నా ముంగిట్లో చూడు, ముప్పై రెండేళ్ళుగా కడుగుతున్నాను."

అచ్‌మత్ నమిలాడు. గడ్డం నిండా కొబ్బరి, పాకం. చాలాసేపు నమిలాడు. మింగి, భార్య వంక చూసి, "చేపలు మనకేమైనా మిగిలాయా మునీబా?" అన్నాడు. ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. తర్వాత రెండ్రోజులకు ఆ బూడిద కారు లాంగా శివార్లలో చెక్కుచెదరకుండా దొరికింది. అమ్మబోతే ఎవరూ కొనలేదట.

ఆ కారు పోయిన మర్నాడు శనివారం. సన్నగా వాన. గనీఫ్ ఎనిమిదింటికి బక్కెట్టు లేకుండా బయటికొచ్చాడు. రుగాయాను "నీ తాళం ఇలా ఇవ్వు" అన్నాడు. ఆమె మారుమాట లేకుండా ఇచ్చింది. ఆయన మెళ్ళో తాడుకు వేలాడే పాత ఎర్రకారు తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని, గాల్లో తలుపు తీసి, దాని లోపల ఇంకో తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. రుగాయా చుట్టూ తిరిగొచ్చి ముందు ఎడమవైపు కూర్చోబోతే, "నీ చోటు వెనక" అన్నాడు.

ఆమె వెనక కూర్చుంది. వీధంతా గేట్ల దగ్గరికి వచ్చింది. అచ్‌మత్ వచ్చాడు, మునీబా వచ్చింది, రొట్టెల సంచులతో వెళ్ళేవాళ్ళు ఆగారు. నేనైతే కిటికీ చువ్వల మధ్య తల ఇరికించుకుని చూశాను, లోపలిది కనిపించలేదు గానీ తర్వాత రుగాయా చెప్పింది.

నీలం కారు అద్దాలు మీట నొక్కితే దిగుతాయి. గనీఫ్ మీట ముట్టలేదు. పక్కన ఖాళీ సీటు వైపు తిరిగి, మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టే అన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం హవా. ఎవరికీ అక్కరలేనిది మనకెందుకు."

తర్వాత ఎడమ తలుపులోంచి చేత్తో తిప్పే పాత పిడి చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు, కిర్రు, ఆపైన సగం. మూడున్నర చుట్లు. హవా ఎప్పుడూ అంతే దించేది, తలగుడ్డ ఎగరడానికి సరిపడా. అద్దం దిగింది. రుగాయా రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

"స్ట్రాండుకేనా?" అన్నాడు గనీఫ్. ఏ జవాబు వచ్చిందో నాకు వినిపించలేదు, ఇంజను మోగింది. కారు కుండీల మధ్య నుంచి నీలంగా బయటికొచ్చింది. వానచుక్కలు పట్టుకున్నచోట మాత్రం ఎర్రగా ఉంది. అది మా వీధి మలుపు ఎలా తిరిగిందో చెబితే మీరు నమ్మరు, అందుకే చెప్పను.

గేటు తెరిచే ఉంది. దాన్ని వెయ్యాలని ఎవరికీ తోచలేదు. పావురాలు పైకప్పు కోసం గాల్లో రెండు చుట్లు తిరిగి, దొరక్క, నేల మీద దిగాయి. ఆ కారంత పొడి నేల మీద ముందు ఒక చినుకు పడింది, పక్కన ఇంకొకటి. ముప్పై రెండేళ్ళ దుమ్ము వాసన లేచింది. తర్వాత ఆ చోటు కూడా, మా వీధిలో మిగతా చోట్లలాగే, మెల్లగా తడిసింది.